పొల్యూషన్ చీటీలోని రెండు అంకెలను కలిపి చదవండి: పాత 100 సీసీ బండి, తోటలో వాడే స్ప్రేయర్ పొగ గురించి

ముందుగా మీ సమస్యను నాకు అర్థమైనంతలో చెప్పుకుంటాను. ఖమ్మం జిల్లాలో ఉన్న మీ దగ్గర 2009లో కొన్న 100 సీసీ నాలుగు స్ట్రోకుల మోటారుసైకిల్ ఉంది. ఇప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 5.1 శాతం, హైడ్రోకార్బన్లు 1,900 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) వచ్చి బండి తప్పింది. మెకానిక్ కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే భాగం) స్క్రూ తిప్పి మళ్లీ పంపితే 0.6 శాతం, 4,200 పీపీఎం వచ్చి గట్టెక్కింది. అప్పటినుంచి పొద్దున్నే స్టార్టు కావడం కష్టమైంది, ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా నిలిపి ఉంచినప్పుడు, ఆగిపోతోంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటోంది. పొగలోని విషవాయువులను మండించే కేటలిటిక్ కన్వర్టర్ ఉన్న సైలెన్సర్ బిగిస్తే ఈ బాధ తీరుతుందా అని, మిరప తోటలో వాడే రెండు స్ట్రోకుల పవర్ స్ప్రేయర్ పొగకు కూడా ఏదైనా మార్గం ఉందా అని అడిగారు.

కన్వర్టర్ విషయం ముందే చెబుతాను: ఈ స్థితిలో వద్దు. ఎందుకు వద్దో కింద వివరిస్తాను. దానికన్నా విలువైనది మీ చేతిలోనే ఉంది, ఆ రెండు చీటీలు. వాటిని పారేయకండి. ఆ చీటీని చాలామంది పోలీసులు ఆపినప్పుడు చూపించే కాగితంగా మాత్రమే దాచుకుంటారు. పాసయిందా లేదా అన్నది తప్ప అందులో ఇంకేమీ చదవరు. నేను విజయవాడలో 26 ఏళ్లుగా చిన్న ఇంజన్ల మీదే పని చేస్తున్నాను, అందులో చాలా ఏళ్లు పొగలోని వాయువులను కొలిచే గ్యాస్ అనలైజర్ పక్కనే గడిచాయి. ఇంజన్ విప్పకుండా దాని లోపల మంట ఎలా ఉందో చెప్పగలిగే సాధనం, వంద రూపాయల లోపు ఖర్చుతో సామాన్యుడికి దొరికేది, నాకు తెలిసి ఆ చీటీ ఒక్కటే. కొసన ఏదో తగిలించి ఆ అంకెలను మార్చాలని చూడటం కంటే, అవి ఎటు వేలు చూపుతున్నాయో అటు వెళ్లి లోపం సరిచేయడం మంచిది.

అంకెలను చదవడానికి కాస్త వెనక్కి వెళ్లాలి. పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకంటే తగ్గితే, అంటే మిశ్రమం చిక్కబడితే, పెట్రోలులోని కార్బన్‌కు సరిపడా ఆక్సిజన్ దొరకదు. కార్బన్ డయాక్సైడ్ కావలసినది కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అంకె దాదాపుగా మిశ్రమం చిక్కదనానికి కొలత. ప్లగ్గు పాడైనా, రింగులు అరిగినా అది చెప్పుకోదగ్గంత పెరగదు. హైడ్రోకార్బన్లు (హెచ్‌సీ) వేరే కథ. అవి మండకుండానే బయటపడిన పెట్రోలు. మిశ్రమం మరీ చిక్కనైనా, మరీ పలచనై స్పార్కుకు అంటుకోకపోయినా, ప్లగ్గు మధ్యమధ్యలో మిస్ అయినా, ఎగ్జాస్టు వాల్వు గట్టిగా మూసుకోకపోయినా ఆ అంకె పెరుగుతుంది. ఇన్ని కారణాలుండటం వల్ల హెచ్‌సీని ఒంటరిగా చూస్తే ఏమీ తేలదు. పక్కన సీఓను పెట్టి చూసినప్పుడే అది మాట్లాడుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లనే మూడో విషం ఉంది గానీ, అది మంట బాగా వేడెక్కినప్పుడు, అంటే బరువు లాగుతున్నప్పుడు ఎక్కువగా పుడుతుంది. ఐడిల్‌లో చేసే మన పొల్యూషన్ పరీక్షలో దాన్ని కొలవరు.

ఇప్పుడు మీ మొదటి చీటీ చూడండి. సీఓ 5.1, హెచ్‌సీ 1,900. మిశ్రమం బాగా చిక్కగా ఉంది, కానీ ప్రతిసారీ అంటుకొని మండుతోంది. అంటే స్పార్కు, వాల్వులు, కంప్రెషన్ పనికొచ్చే స్థితిలోనే ఉన్నాయి. పెట్రోలు ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. రెండో చీటీలో సీఓ 0.6కు పడిపోయింది, హెచ్‌సీ రెట్టింపుకు మించింది. మిశ్రమం ఎంత పలచబడిందంటే కొన్నిసార్లు అసలు అంటుకోవడమే లేదు, ఆ పెట్రోలు పచ్చిగానే సైలెన్సర్‌లోకి పోయి అక్కడ టపటపమని మండుతోంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ, స్టార్టింగ్ కష్టం, ఐడిల్‌లో ఆగిపోవడం, సైలెన్సర్‌లో శబ్దం, పలచని మిశ్రమానికి సరిగ్గా సరిపోతాయి. 2000 మార్చి తర్వాత తయారైన మీ బండి వంటి నాలుగు స్ట్రోకుల ద్విచక్ర వాహనాలకు నిబంధన ప్రకారం సీఓ 3.5 శాతం, హెచ్‌సీ 4,500 పీపీఎం దాటకూడదు. 4,200 ఆ గీతకు లోపలే ఉంది కాబట్టి సర్టిఫికెట్ వచ్చింది, అంతే. బండి శుభ్రపడలేదు, ఒక విషాన్ని తగ్గించి మరొకదాన్ని పెంచుకున్నాం. పైగా, నా అనుభవంలో సవ్యంగా ఉన్న 100 సీసీ కార్బురేటర్ బండి హెచ్‌సీ వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది గానీ నాలుగు వేల దగ్గర తచ్చాడదు.

మీ మెకానిక్‌ను నేను తప్పుపట్టను. పరీక్షలో తప్పిన బండిని అదే రోజు పాస్ చేయించమని యజమాని తొందరపెడితే, చేతికి అందేది స్క్రూ ఒక్కటే. కానీ స్క్రూ అన్నది చివరి సర్దుబాటు. చిక్కదనానికి అసలు కారణం వేరేచోట ఉన్నప్పుడు స్క్రూతో దాన్ని కప్పిపుచ్చితే, ఐడిల్‌లో పలచగా, పరుగులో ఎప్పటిలాగే చిక్కగా ఉండే బండి తయారవుతుంది. రోడ్డు మీద విషం తగ్గదు, పెట్రోలు ఖర్చూ తగ్గదు.

అసలు కారణం ఎక్కడ వెతకాలో ఇప్పుడు చెబుతాను. నేను ఎప్పుడూ ఎయిర్ ఫిల్టర్‌తో మొదలుపెడతాను. అది మూసుకుపోతే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుందన్నది అందరికీ తెలిసిందే గానీ, ఫోమ్ ఫిల్టర్‌ను కడిగాక నూనె మరీ ఎక్కువ పూసి సరిగా పిండకుండా పెట్టినా అదే జరుగుతుందన్నది చాలామంది గమనించరు. పేపర్ ఫిల్టర్ అయితే కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ మళ్లీ వాడకుండా మార్చేయండి. మీ ప్రాంతపు దుమ్ములో కంపెనీ చెప్పిన దూరం కంటే ముందే అది నిండిపోతుంది. ఫిల్టర్ తీసి ఒక్కసారి, పెట్టి ఒక్కసారి సీఓ కొలిపించండి. తీసినప్పుడు అంకె గణనీయంగా పడిపోతే దోషం అక్కడే ఉంది. తర్వాత చోక్, చల్లని ఇంజన్ స్టార్టు కావడానికి మిశ్రమాన్ని చిక్కబరిచేది. కేబుల్ లేదా లీవర్ పూర్తిగా వెనక్కి రాక సగంలో నిలిచిపోయిన చోక్‌తో నెలల తరబడి తిరిగిన బండ్లను నేను లెక్కలేనన్ని చూశాను.

ఫిల్టర్, చోక్ బాగున్నాయంటే కార్బురేటర్ విప్పాలి. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మట్టం కంపెనీ చెప్పిన ఎత్తులో ఉండాలి. పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ కొస అరిగి గాడిపడితే మట్టం పెరిగి, ప్రతి జెట్టు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్క) నుంచీ అవసరానికి మించి పెట్రోలు లాగుతుంది. స్టాండు వేసి ఉంచినప్పుడు ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి చుక్కలు పడటం దీనికి గుర్తు. 78,000 కిలోమీటర్లకు థ్రాటిల్ స్లయిడ్‌లోని జెట్ నీడిల్, అది దిగే నీడిల్ జెట్ రెండూ అరిగి ఉంటాయి. నీడిల్‌ను వెలుతురులో తిప్పి చూస్తే ఒక వైపు మెరుపుగా అరిగిన గీత కనిపిస్తుంది. ఆ రెండింటినీ జతగానే మార్చాలి. ఇది ఐడిల్‌లో కొంత, సగం థ్రాటిల్‌లో ఎక్కువగా మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. మీ బండి మైలేజీ నెమ్మదిగా తగ్గుతూ వచ్చి ఉంటే మొదటి అనుమానం దీని మీదే.

ఐడిల్‌లో పెట్రోలు అందించే స్లో జెట్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు నేను కూడా చేశాను. పని నేర్చుకుంటున్న తొలి రోజుల్లో మూసుకుపోయిన జెట్టును స్టీలు తీగతో పొడిచి శుభ్రం చేసేవాణ్ని. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. దాని రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. వెంట్రుకంత వెడల్పు పెరిగినా అందులోంచి వెళ్లే పెట్రోలు బాగా పెరుగుతుంది, ఎందుకంటే ప్రవాహం రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అలా పొడిచిన ఒక బండి ఆరు నెలలపాటు ప్రతి పరీక్షలోనూ చిక్కగానే చూపిస్తూ వచ్చింది; స్క్రూ ఎంత తిప్పినా సరిపడలేదు. చివరికి కొత్త జెట్టు వేస్తే ఐదు నిమిషాల్లో తేలింది. అప్పటినుంచి కార్బురేటర్ క్లీనర్, కంప్రెసర్ గాలి తప్ప జెట్టులోకి మరేదీ పోనివ్వను. మీ కార్బురేటర్ మీద ఇంతకుముందు ఎంతమంది మెకానిక్‌లు చేయి పెట్టారో తెలియదు కాబట్టి, స్లో జెట్టు మీద ముద్రించిన సంఖ్య కంపెనీ సంఖ్యే అయినా సరే కొత్తది వేయించండి. దానికయ్యే ఖర్చు ఒక లీటరు పెట్రోలును మించితే కొంచెమే మించుతుంది.

ఇంకొక కారణం ఎవరూ పట్టించుకోనిది: ఇంజన్ ఆయిల్. చిక్కని మిశ్రమంతో చాలాకాలం నడిచిన ఇంజన్‌లో మండని పెట్రోలు రింగుల పక్కనుంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఆ పెట్రోలు ఆవిరై బ్రీదర్ గొట్టం ద్వారా ఎయిర్ బాక్సులోకి, అక్కడినుంచి మళ్లీ సిలిండర్‌లోకి వస్తుంది. కార్బురేటర్‌ను ఎంత సరిచేసినా సీఓ దిగిరాదు. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు వాసన వస్తుంది, మట్టం కూడా పెరిగినట్టుంటుంది. కార్బురేటర్ పని పూర్తయ్యాక ఆయిల్ మార్చి, ఆ తర్వాతే పరీక్షకు వెళ్లండి.

ఇవన్నీ అయ్యాకనే స్క్రూ. ఇక్కడ ఒక జాగ్రత్త. కార్బురేటర్లలో రెండు రకాల స్క్రూలున్నాయి. ఎయిర్ ఫిల్టర్ వైపున్నది గాలిని నియంత్రించేది. దాన్ని లోపలికి బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజన్ వైపున్నది మిశ్రమాన్ని నియంత్రించేది. దాన్ని లోపలికి బిగిస్తే పలచబడుతుంది. రెండూ ఒకే పేరుతో, ఎయిర్ స్క్రూ అని పిలవడం వల్ల తలకిందులు పని జరుగుతూ ఉంటుంది. స్క్రూను నెమ్మదిగా లోపలికి ఆనేదాకా తిప్పి, గట్టిగా బిగించకుండా, మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తెచ్చి మొదలుపెట్టాలి. బండిని కనీసం పది, పదిహేను నిమిషాలు నడిపి ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఐడిల్ వేగాన్ని కంపెనీ చెప్పిన స్థాయికి తెచ్చి, అనలైజర్ గొట్టం సైలెన్సర్‌లో పెట్టి, పావు చుట్టు తిప్పడం, అంకె నిలకడపడేదాకా అర నిమిషం ఆగడం, మళ్లీ పావు చుట్టు, ఇలా వెళ్లాలి. మిశ్రమం పలచబడుతున్నకొద్దీ సీఓ దిగుతుంది, దానితోపాటు హెచ్‌సీ కూడా కొంత దిగుతుంది. ఒకచోట హెచ్‌సీ దిగడం ఆపి పైకి తిరుగుతుంది. ఆ మలుపును దాటకూడదు. మలుపుకు కాస్త ముందు, చిక్కదనం వైపు ఆగాలి. కన్వర్టర్ లేని చిన్న బండ్లలో నాకు ఆ చోటు ఎక్కువగా సీఓ 1.5కు, 2.5కు మధ్య దొరుకుతుంది. మీ మెకానిక్ ఆ మలుపును దాటి చాలా దూరం వెళ్లిపోయారు.

సీఓ 5.1 శాతం అంటే చిన్న మాట అనిపించవచ్చు. అది 51,000 పీపీఎం. అమెరికాలో కార్మికులు ఎనిమిది గంటల పనిదినంలో పీల్చదగిన సగటు పరిమితి 50 పీపీఎం. అంటే మీ సైలెన్సర్ కొసన ఉన్నది దానికి వెయ్యి రెట్లు. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి ఈ ట్యూనింగ్‌ను షట్టర్ దించిన షెడ్డులో, ఇంటి వరండాలో చేయకండి, చేయనివ్వకండి. వర్షాకాలం చలికి తలుపులు మూసి బండి వేడెక్కించడం, కరెంటు పోయినప్పుడు దుకాణం లోపలే చిన్న పెట్రోలు జనరేటర్ పెట్టి నడపడం నేను ఇప్పటికీ చూస్తున్నాను. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం మొదలయ్యేసరికే మనిషికి లేచి బయటికి నడిచే శక్తి తగ్గిపోయి ఉంటుంది. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, కిటికీలకు దూరంగా ఉండాలి. ఈ ఒక్క మాట కోసం మిగతా సమాధానమంతా మరిచిపోయినా నాకు అభ్యంతరం లేదు.

సీఓను సరైన చోట నిలిపాక కూడా హెచ్‌సీ రెండు వేలకు పైన ఉంటే అప్పుడు మంట సంగతి చూడాలి. కార్బురేటర్‌కు, హెడ్‌కు మధ్య ఉండే ఇన్సులేటర్, దాని ఓరింగు పగిలితే దొంగగాలి చొరబడి మిశ్రమాన్ని పలచబరుస్తుంది. ఐడిల్‌లో ఉన్న ఇంజన్‌కు ఆ అతుకు దగ్గర కొద్దిగా కార్బురేటర్ క్లీనర్ చల్లినప్పుడు ఇంజన్ వేగం మారితే, లీకు అక్కడే ఉంది. వేడి సైలెన్సర్ పైపుకు తగలకుండా, మంటలార్పే ఏర్పాటు పక్కన ఉంచుకొని చేయాల్సిన పని అది. ప్లగ్గు గ్యాప్ మాన్యువల్ ప్రకారం ఉండాలి. ఇన్ని వేల కిలోమీటర్ల బండికి ప్లగ్గు, దాని క్యాప్ కొత్తవి వేయడమే మేలు. ట్యాపెట్లు (వాల్వులను నొక్కే చోట ఉంచే సందు) బిగుతుగా ఉంటే ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. శబ్దం లేదు కాబట్టి ట్యాపెట్లు బాగున్నాయనుకోవడం తప్పు, బిగుతు ట్యాపెట్ నిశ్శబ్దంగానే వాల్వును తినేస్తుంది.

పరీక్ష జరిగే తీరు కూడా సరిగా ఉండాలి. సైలెన్సర్ అతుకుల దగ్గర లీకులుంటే, లేదా గొట్టాన్ని పైపైన పెట్టి కొలిస్తే, చిన్న ఇంజన్ విడిచే పొగ పెద్ద పెద్ద అలలుగా వస్తుంది కాబట్టి మధ్యలో బయటి గాలి లోపలికి లాగబడి, అన్ని అంకెలూ అసలు కన్నా తక్కువగా కనిపిస్తాయి. నాలుగు వాయువుల అనలైజర్ ఉన్న కేంద్రానికి వెళ్లండి. అందులో కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ అంకెలు కూడా ఉంటాయి. బాగా మండే ఇంజన్‌లో కార్బన్ డయాక్సైడ్ 12 శాతం చుట్టుపక్కల ఉంటుంది. అది ఆరేడు దగ్గర, ఆక్సిజన్ ఎనిమిది తొమ్మిది దగ్గర ఉంటే మీరు కొలుస్తున్నది సగం పొగ, సగం గాలి. మీ కాలపు కొన్ని బండ్లకు ఎగ్జాస్టు పోర్టులోకి బయటి గాలిని లాగే చిన్న రీడ్ వాల్వు, దానికో రబ్బరు గొట్టం ఉంటాయి. పొగలో మిగిలిన సీఓ, హెచ్‌సీలు పైపులోనే మండటానికి అది ఏర్పాటు. మీ బండికి అది ఉంటే, స్క్రూ సర్దేటప్పుడు ఆ గొట్టాన్ని తాత్కాలికంగా మూయించి, పని కాగానే మళ్లీ కలిపించండి. చాలామంది దాన్ని శాశ్వతంగా మూసేస్తారు, వద్దు.

అనలైజర్‌కు దాదాపు అందని దోషం ఒకటుంది, నీలి పొగ. కాలిన ఇంజన్ ఆయిల్ సన్నని తుంపరగా వస్తుంది. ఈ పరీక్ష వాయువులనే కొలుస్తుంది కాబట్టి నీలి పొగ విడిచే బండి కూడా సర్టిఫికెట్ తెచ్చుకోగలదు. అది మన ఊపిరితిత్తుల్లోకి పోయే సూక్ష్మ కణాల పొగ కాబట్టి చీటీ ఏం చెప్పినా సరిచేయించాలి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్టు చేసినప్పుడు, లేదా దిగుడులో థ్రాటిల్ మూసి మళ్లీ తెరిచినప్పుడు మాత్రమే నీలి పొగ వస్తే వాల్వు స్టెమ్ సీళ్లు. ఎక్కుడులో, బరువు మీద ఆగకుండా వస్తే రింగులు, బోరు.

ఇప్పుడు కన్వర్టర్. దానిలో ప్లాటినం, పల్లాడియం వంటి లోహాల పూత ఉన్న తేనెపట్టు వంటి నిర్మాణం ఉంటుంది. సీఓ, హెచ్‌సీలను మండించాలంటే దానికి ఆక్సిజన్ కావాలి. చిక్కని మిశ్రమంతో నడిచే ఇంజన్ పొగలో ఆక్సిజన్ మిగలదు. ఆక్సిజన్ దొరికిందా, ఇంకో ప్రమాదం. ప్రతి ఒక శాతం సీఓ మండినప్పుడు కన్వర్టర్ ఉష్ణోగ్రత సుమారు 90 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ఐదు శాతం సీఓ, దానికి తోడు మిస్ అవుతున్న పచ్చి పెట్రోలు వచ్చిపడితే లోపలి పట్టు కరిగి పైపు మూసుకుపోతుంది. ఎండుగడ్డి మీద నిలిపిన బండి నిప్పు కూడా రాజేయగలదు. అది పని మొదలుపెట్టాలంటే దాదాపు 250 డిగ్రీలకు వేడెక్కాలి కాబట్టి ఊళ్లోనే తిరిగే చిన్న ప్రయాణాల్లో మొదటి కొన్ని నిమిషాలు ఎలాగూ పనిచేయదు. ఆయిల్ కాల్చే ఇంజన్ అయితే ఆయిల్‌లోని ఫాస్ఫరస్ పూతను కప్పేస్తుంది. ఇంజన్ సవ్యంగా ఉంటే మీ బండి అంకెలు కన్వర్టర్ లేకుండానే పరిమితికి చాలా కిందకి వస్తాయి. సవ్యంగా లేకపోతే కన్వర్టరే బతకదు. ఇంజన్‌తో కలిపి రూపొందించినప్పుడు మాత్రం దాని శక్తి గొప్పది. మన దేశంలో 1991లో కిలోమీటరుకు ఇన్ని గ్రాములనే నిబంధనలు తొలిసారి వచ్చినప్పుడు ద్విచక్ర వాహనాలకు కిలోమీటరుకు 12 నుంచి 30 గ్రాముల దాకా సీఓను అనుమతించారు. 2000 నాటికి అది 2 గ్రాములైంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్ 6) ప్రమాణాల్లో 1 గ్రాము, దానితోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లకు 0.06 గ్రాము. ఫ్యూయల్ ఇంజెక్షన్, పొగలో ఆక్సిజన్‌ను క్షణక్షణం కొలిచే సెన్సర్, కన్వర్టర్ మూడూ కలిసి పనిచేస్తేనే అది సాధ్యమైంది. అందులోంచి మూడోదాన్ని ఒక్కదాన్నే తెచ్చి పాత కార్బురేటర్ బండికి తగిలిస్తే మొదటి రెండింటి పని ఎవరు చేస్తారు?

పెట్రోలు విషయం మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే కాబట్టి ఈ పెట్రోలుకు కిలోకు 13.6 కిలోల గాలి సరిపోతుంది. 2009లో పెట్టిన జెట్లతో మిశ్రమం దానంతటదే ఆరేడు శాతం పలచబడుతుంది. చిక్కగా నడిచే బండిలో దీనివల్ల సీఓ కొంత తగ్గుతుంది, ఇప్పటికే పలచబరిచిన మీ బండిలో మిస్సింగ్ పెరుగుతుంది. మీ ఇబ్బందుల్లో దీని వాటా కూడా ఉందని నా అభిప్రాయం. కాబట్టి సర్దుబాటు మీరు రోజూ వాడే పెట్రోలుతోనే చేయించండి. పాత పెట్రోలు గొట్టం, ఫ్లోట్ చాంబర్ రబ్బరు రింగు మార్పించండి, ట్యాంకు అడుగున నీరు చేరకుండా చూసుకోండి.

స్ప్రేయర్ దగ్గరికి వస్తే నేను అంత ధైర్యం చెప్పలేను. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో పాత పొగ బయటికి పోయే దారి, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారి కొంతసేపు ఒకేసారి తెరుచుకొని ఉంటాయి. లోపలికి వచ్చిన పెట్రోలులో 15 నుంచి 40 శాతం దాకా మండకుండానే బయటికి జారిపోతుంది. ఇది ఇంజన్ నిర్మాణంలోనే ఉన్న లోపం, ఏ స్క్రూ దాన్ని సరిచేయలేదు. మనం తగ్గించగలిగింది ఆయిల్ పొగను. మాన్యువల్‌లో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు, కొలగ్లాసుతోనే పోయాలి. సీసా మూతతో, కంటి అంచనాతో పోస్తే ఎక్కువైనప్పుడు పొగ, తక్కువైనప్పుడు పిస్టన్ పట్టేయడం ఖాయం. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌ను స్ప్రేయర్ పెట్రోలులో కలపడం మన పల్లెల్లో ఉంది. దయచేసి అది మానేయండి. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉన్న 2టీ ఆయిల్ కొనండి, ఆ గ్రేడులు తక్కువ పొగకే ఉద్దేశించినవి. సీజన్‌కు ఒకసారి సైలెన్సర్ విప్పి ఎగ్జాస్టు పోర్టులో పేరుకున్న మసిని చెక్కముక్కతో గీకి తీయండి, ఫోమ్ ఫిల్టర్‌ను వారానికోసారి కడగండి. కలిపిన పెట్రోలును నెలకు మించి నిల్వ ఉంచకండి, సీజన్ అయిపోగానే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి. పొగ తగ్గించాలని ఆ ఇంజన్ మిశ్రమాన్ని మాత్రం పలచబరచకండి. దాన్ని చల్లబరిచేది, దానికి నూనె అందించేది కూడా ఆ పెట్రోలే.

ఆ ఇంజన్ ఉండేది మనిషి వీపు మీద, ముక్కుకు రెండు అడుగుల దూరంలో. మిరపకు మందు కొట్టే కూలీ రోజంతా మందును, దానితోపాటు ఈ పొగను కూడా పీలుస్తాడు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. గాలి వాలును చూసుకొని, పొగ వెనక్కి కొట్టుకుపోయేలా సాళ్లు ఎంచుకోమనండి, ట్యాంకు నింపేటప్పుడల్లా ఇంజన్ ఆపి పది నిమిషాలు దూరంగా కూర్చోమనండి. తోట చిన్నదైతే వచ్చే సీజన్‌కు బ్యాటరీ స్ప్రేయర్ గురించి ఆలోచించండి. ఎకరాలు ఎక్కువైతే నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఉన్నది తీసుకోండి, బరువు కొద్దిగా ఎక్కువైనా పెట్రోలు ఆదా అవుతుంది, ఆయిల్ కలపక్కర్లేదు.

బండి విషయంలో ఈ వారం ఫిల్టర్, చోక్, ఫ్లోట్ మట్టం, స్లో జెట్టు, ఆయిల్ పూర్తి చేయించి, స్క్రూను మాన్యువల్ చెప్పిన చుట్లకు తిరిగి తెచ్చి, నాలుగు వాయువుల అనలైజర్ మీద ఐడిల్‌లో ఒకసారి కొలిపించండి. మీ కాలపు బండికి సర్టిఫికెట్ ఆరు నెలలకోసారి ఎలాగూ తీసుకోవాలి కాబట్టి ఇకనుంచి చీటీలన్నీ వరుసగా ఒకచోట గుచ్చి ఉంచండి. సీఓ నెమ్మదిగా పెరుగుతూ ఉంటే నీడిల్ అరుగుతోందని, సీఓ కదలకుండా హెచ్‌సీ పెరుగుతూ ఉంటే వాల్వో ప్లగ్గో అని బండి చెడిపోకముందే తెలుస్తుంది. అప్పటికీ సీఓ 3.5 కిందకు దిగకపోతే ఆ నాలుగు అంకెలూ, మీ కార్బురేటర్ స్క్రూ ఏ వైపున ఉందో రాయండి. నీడిల్ జెట్ మార్చాలా, ఇంకా లోపలికి వెళ్లాలా అన్నది వాటిని చూసి చెబుతాను.